పొట్ట పెరిగితే దాచుకోవద్దు



మా రాత్రి బడికి ఒక అక్క వచ్చేది. వయసు నలభై ఎనిమిది. భర్త చనిపోయి ఆరేళ్ళయింది. పగలంతా కూలికి పోయేది. రాత్రి ఏడు కొట్టేసరికి నోటుబుక్కు పట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

ఒకరోజు ఆ అక్క రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది. జ్వరమేమో అనుకున్నాను. బోరింగు దగ్గర ఆడవాళ్ళను అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒకామె మూతి తిప్పింది. ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అక్క గడప లోపల కూర్చుని ఉంది. ఎండాకాలం. అయినా ఒంటి నిండా దుప్పటి కప్పుకుంది.

"బడికి రావడం లేదేం అక్కా?" అని అడిగాను.

"ఎట్టా వచ్చేది టీచరమ్మా? నా పొట్ట చూశావా? మొగుడు లేని దానికి కడుపొచ్చిందంటన్నారు. ఇంక నేను ఏ మొహం పెట్టుకుని బయటికి వచ్చేది?" అని ఏడ్చింది.

అక్క పొట్ట నాలుగు నెలల నుంచి పెరుగుతోంది. మొదట గ్యాసు అనుకుంది. వాము నీళ్ళు తాగింది. సోడా తాగింది. ఎవరో చెప్తే ఆముదం తాగింది. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంది. తగ్గలేదు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది. ఒంటేలుకు మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోంది. చేతులు సన్నబడ్డాయి. పొట్ట మాత్రం పెరిగింది.

అక్క జబ్బుకు భయపడలేదు. ఊరి మాటకు భయపడింది. అందుకే నాలుగు నెలలు దాచుకుంది.

ఆ అక్క ఏమయిందో చివర్లో చెప్తాను. ముందు పొట్ట గురించి నాలుగు సంగతులు తెలుసుకుందాం. నేను డాక్టరును కాను. చదువు చెప్పే దాన్ని. ఆ రోజు తర్వాత ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మనూ, ఏఎన్‌ఎం అక్కనూ అడిగి తెలుసుకున్నవి మీకోసం రాస్తున్నాను.

పొట్టలో ఏమేం ఉన్నాయి?

పొట్ట అంటే అన్నం పడే సంచి ఒక్కటే కాదు. పొట్ట ఒక ఇల్లు లాంటిది. అందులో చాలా గదులు ఉన్నాయి.

పైన కుడివైపు కాలేయం ఉంది. ఎడమవైపు అన్నం పడే సంచి ఉంది. దాని పక్కన ప్లీహం ఉంది. మధ్యలో చుట్టలు చుట్టుకుని పేగులు ఉన్నాయి. వెనక రెండు పక్కలా మూత్రపిండాలు ఉన్నాయి. కింద, పొత్తికడుపులో ఒంటేలు సంచి ఉంది. దాని వెనక గర్భసంచి ఉంది. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉన్నాయి. నెలనెలా గుడ్డు తయారయ్యేది అక్కడే.

వీటిలో ఏది ఉబ్బినా, ఏది పెరిగినా, పైకి మనకు కనిపించేది ఒక్కటే. పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. కాబట్టి బయట నుంచి చూసి "ఇది గ్యాసే", "ఇది కొవ్వే", "ఇది కడుపే" అని తేల్చి చెప్పలేం. బోరింగు దగ్గర నిలబడి అసలే చెప్పలేం.

వచ్చిపోయే పొట్ట, వచ్చి ఉండిపోయే పొట్ట

మనం ముందుగా చూసుకోవలసినది ఇది.

కొందరికి పొద్దున పొట్ట మామూలుగా ఉంటుంది. తిన్నాక ఉబ్బుతుంది. రాత్రికి బిగదీసుకుపోతుంది. మళ్ళీ తెల్లారేసరికి తగ్గుతుంది. కొందరికి ముట్టుకు నాలుగు రోజుల ముందు ఉబ్బుతుంది. ముట్టు రాగానే తగ్గుతుంది. ఇలా వచ్చిపోయే ఉబ్బరం చాలామందికి ఉంటుంది. చాలావరకు దీంతో ప్రమాదం లేదు.

పొద్దున లేచినా తగ్గని పొట్ట వేరు. వారం వారం పెరిగే పొట్ట వేరు. రెండు మూడు వారాలు దాటినా పొట్ట అలాగే ఉంటే చూపించుకోవాలి. నెలలో 12 రోజులకు మించి ఉబ్బరం ఉన్నా చూపించుకోవాలి. యాభై ఏళ్ళు దాటిన వాళ్ళు ఇంకా త్వరగా చూపించుకోవాలి.

దీన్ని ఎలా కనిపెట్టాలి? ఒక పురికొస తీసుకోండి. పొద్దున పరగడుపున, దొడ్డికి వెళ్ళి వచ్చాక, బొడ్డు మీదుగా పొట్ట చుట్టూ పెట్టండి. బిగించవద్దు. రెండు కొసలు కలిసిన చోట ముడి వేయండి. వారానికి ఒకసారి అదే పురికొసతో చూడండి. ముడి దగ్గరకు రావడం లేదంటే పొట్ట పెరిగినట్టే. ఇంట్లో టేపు ఉంటే ఇంకా మంచిది. మనకు ఇప్పుడు అంకెలు వచ్చు కదా! తేదీ వేసి అంకె రాసుకోండి.

గ్యాసు, మలబద్ధకం

ఉబ్బరానికి ఎక్కువగా కనిపించే కారణాలు ఇవే.

గబగబా మింగితే అన్నంతో పాటు గాలి కూడా కడుపులోకి పోతుంది. శనగలు, బొబ్బర్లు, క్యాబేజీ, ముల్లంగి కొందరికి గ్యాసు చేస్తాయి. పాలు కొందరికి అరగవు. ఏది తిన్న రోజు ఉబ్బుతోందో మీరే గమనించుకోవచ్చు.

సోడా తాగితే త్రేన్పు వస్తుంది. గ్యాసు పోయిందని మనం అనుకుంటాం. ఆ త్రేన్పులో ఎక్కువగా వచ్చేది సోడాలో ఉన్న గాలే!

ఇక మలబద్ధకం. ఇది ఆడవాళ్ళకు మరీ ఎక్కువ. ఎందుకు? మనం నీళ్ళు తక్కువ తాగుతాం. చేలో ఒంటేలుకు చాటు ఉండదని తాగం. దొడ్డికి వచ్చినా చీకటి పడేదాకా ఆపుకుంటాం. ఇప్పుడు చాలా ఇళ్ళలో మరుగుదొడ్లు ఉన్నాయి. అయినా ఆపుకునే అలవాటు పోలేదు. కొన్నిచోట్ల దొడ్లో నీళ్ళు ఉండవు. ఆపుకుంటే మలం గట్టిపడుతుంది. పేగు నిండిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది.

ఏం చేయాలి? రోజంతా కొద్దికొద్దిగా నీళ్ళు తాగాలి. చేలోకి పోయేటప్పుడు సీసాతో నీళ్ళు పట్టుకుపోవాలి. ఆకుకూరలు, జామకాయ, అరటిపండు, జొన్నలు, రాగులు తినాలి. దొడ్డికి వచ్చినప్పుడు ఆపుకోకూడదు. నమిలి నిదానంగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. నాలుగడుగులు నడవాలి.

భేది మందులు మాటిమాటికీ వేసుకోవద్దు. గ్యాసు బిళ్ళలు నెలల తరబడి మింగవద్దు. బిళ్ళ వేసుకుంటే కాసేపు తేలికగా ఉంటుంది. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా మలబద్ధకం, ఉబ్బరం వస్తాయి. దాంతో పాటు నీరసం, చలి తట్టుకోలేకపోవడం, ముట్లు తేడా రావడం ఉంటాయి. దీనికి రక్తపరీక్ష ఉంది. మందు ఉంది.

కొవ్వు పొట్ట

వయసు పెరిగే కొద్దీ, ముట్లు ఆగే వయసులో, పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. ఇది నెమ్మదిగా, ఏళ్ళ మీద వస్తుంది. పొట్టతో పాటు ఒళ్ళు కూడా వస్తుంది. చేతికి పట్టుకుంటే మెత్తగా దొరుకుతుంది.

"ఒళ్ళు వస్తే కళే కదా" అని ఊరుకోవద్దు. మన దేశంలో ఆడవాళ్ళ నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు దాటితే షుగరు, బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అప్పుడు షుగరు, బీపీ చూపించుకోవాలి. ఆరోగ్య కేంద్రంలో చూస్తారు.

అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచుకోవాలి. తీపి టీలు తగ్గించాలి. రోజూ అరగంట చురుగ్గా నడవాలి. "పొద్దస్తమానం ఇంటి పని చేస్తున్నాను కదా" అంటారు. అదీ పనే. కానీ నడక వేరే కావాలి.

కాన్పు తర్వాత పొట్ట

కడుపుతో ఉన్నప్పుడు పొట్ట ముందు కండరాలు సాగుతాయి. కాన్పయ్యాక అవి నెమ్మదిగా దగ్గరకు వస్తాయి. కొందరికి పూర్తిగా దగ్గరకు రావు. అందుకే పొట్ట ముందుకు జారినట్టు ఉంటుంది. ఇది మన తప్పు కాదు. పొట్ట కండరాలు గట్టిపడే కసరత్తులు ఉన్నాయి. ఆసుపత్రిలో అడిగితే చెప్తారు.

"బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటారు. గుక్కెడు నీళ్ళు లెక్కపెట్టి ఇస్తారు. ఇది నిజం కాదు. నీళ్ళతో పొట్ట రాదు. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి. తాగకపోతే మలబద్ధకం వచ్చి పొట్ట ఇంకా ఉబ్బుతుంది. మీ ఇంట్లో బాలింత ఉంటే అత్తగారికి ఈ పాఠం చదివి వినిపించండి.

ఇంకొకటి. బొడ్డు దగ్గర గానీ, ఆపరేషన్ కుట్ల దగ్గర గానీ, గజ్జల్లో గానీ ఒక ఉబ్బు కనిపిస్తుంది. దగ్గితే బయటకు వస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. ఇది హెర్నియా. కండరం బలహీనమైన చోట పేగు బయటకు తోసుకుని వస్తుంది. దీన్ని డాక్టరుకు చూపించాలి. ఆ ఉబ్బు లోపలికి పోకుండా ఇరుక్కుని, నొప్పి పుట్టి, వాంతులైతే ఒక్క గంట కూడా ఆగకూడదు.

గర్భసంచి, అండాశయాలు

ముట్టు తప్పిందా? అయితే ముందు గర్భమేమో చూడాలి. నలభై దాటినా, పిల్లల ఆపరేషన్ అయినా, ఎప్పుడో ఒకరికి గర్భం వచ్చే వీలుంది. ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది. ఒంటేలు చుక్కలతో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

గర్భసంచిలో గడ్డలు రావచ్చు. వీటిని ఫైబ్రాయిడ్లు అంటారు. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. కొందరికి ముట్టు ఎక్కువగా పోతుంది. రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి. గడ్డ పెద్దదైతే పొత్తికడుపు గట్టిగా, ఎత్తుగా కనిపిస్తుంది. ముట్లు ఆగిపోయాక ఇవి చాలామందికి చిన్నవవుతాయి.

అండాశయంలో నీటి బుడగ లాంటి గడ్డ రావచ్చు. ముట్లు వచ్చే వయసులో చిన్న బుడగలు చాలావరకు వాటంతట అవే పోతాయి. కొన్ని పోవు. పెరుగుతాయి. పొట్టంతా నిండేటంత పెద్దవి కూడా అవుతాయి.

అండాశయానికి క్యాన్సర్ కూడా వస్తుంది. ఇది చప్పుడు లేకుండా వస్తుంది. మొదట్లో పెద్ద నొప్పి ఉండదు. నాలుగు గుర్తులు కనిపిస్తాయి. ఒకటి, తగ్గని ఉబ్బరం. రెండు, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం. మూడు, పొత్తికడుపులో నొప్పి, బరువు. నాలుగు, ఒంటేలుకు మాటిమాటికీ వెళ్ళడం. ఈ నాలుగూ గ్యాసులాగే అనిపిస్తాయి. అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు. ముట్లు ఆగిన వాళ్ళకు ఈ గుర్తులు కొత్తగా వస్తే గ్యాసు అని సరిపెట్టుకోకూడదు.

గడ్డ ఉందో లేదో స్కానింగ్‌లో తెలుస్తుంది. స్కానింగ్ కడుపుతో ఉన్న వాళ్ళకే అనుకోవద్దు. పొట్ట లోపల ఏముందో ఎవరికైనా చూడవచ్చు. నొప్పి ఉండదు. కోత ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గడ్డ అనగానే "గర్భసంచి తీసేస్తే పోతుంది" అని కొందరు తొందరపెడతారు. 2015-16లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా కనిపించింది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. ఇరవైలలో, ముప్పైలలో తీయించుకున్న చెల్లెళ్ళు ఉన్నారు. చిన్న వయసులో తీసేస్తే ముట్లు ఆగే వయసు బాధలు ముందే రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా బలహీనపడతాయి. కొందరికి ఆపరేషన్ నిజంగా అవసరం. అందరికీ కాదు. ప్రాణాపాయం లేనప్పుడు ఇంకొక డాక్టరుకు, వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో, చూపించి అడగండి. "ఎందుకు తీయాలి? మందులతో తగ్గదా?" అని అడగండి. అడగడం మన హక్కు.

దాచుకోవడం ఒక తప్పు. తొందరపడి కోయించుకోవడం ఇంకొక తప్పు. రెండూ వద్దు.

కడుపులో నీరు

కొందరికి పొట్ట లోపల నీరు చేరుతుంది. దీన్ని జలోదరం అంటారు. పొట్ట నీళ్ళ తిత్తిలా ఉంటుంది. బొడ్డు బయటకు వస్తుంది. కాళ్ళు వాచవచ్చు. చేతులు, భుజాలు చిక్కిపోతాయి. పడుకుంటే ఆయాసం వస్తుంది.

ఇది తాగిన నీళ్ళ వల్ల వచ్చేది కాదు. దీనికి కారణాలు వేరు. కాలేయం పాడవడం ఒకటి. గుండె, మూత్రపిండాల జబ్బులు ఇంకొకటి. కడుపులో టీబీ, కొన్ని క్యాన్సర్లు మరికొన్ని. టీబీ ఊపిరితిత్తులకే కాదు, కడుపుకూ వస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం దాని గుర్తులు. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పూర్తిగా వాడితే నయమవుతుంది.

కాలేయం ఎందుకు పాడవుతుంది? హెపటైటిస్ బి, సి అనే వైరస్‌ల వల్ల పాడవుతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే ఇవి అంటుకుంటాయి. అందుకే కొత్త సూదే వాడమని అడగాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల హెపటైటిస్ బి టీకా వేయించాలి.

తాగుడు వల్ల కూడా కాలేయం పాడవుతుంది. మన ఊళ్ళల్లో మగవాళ్ళకు పొట్టలో నీరు చేరడానికి ఇది పెద్ద కారణం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ ఆడవాళ్ళు కూడా మొదట ఇంట్లో ఏడ్చిన వాళ్ళే. నలుగురూ కలిసి బయటకు చెప్పుకున్నాకే బలం వచ్చింది. జబ్బు సంగతీ అంతే.

పిల్లల పొట్ట

కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉన్న పిల్లలను చూసే ఉంటారు. "బాగా తింటున్నాడు, అందుకే పొట్ట" అంటారు. కాదు. చాలాసార్లు అది చాలీచాలని తిండికి గుర్తు. పాదాలు వాచి, జుట్టు రంగు మారితే అది మరీ ప్రమాదం. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూయించాలి.

నులిపురుగులు, ఏలికపాములు ఉన్నా పొట్ట ఉబ్బుతుంది. రక్తం తగ్గుతుంది. బడిలో, అంగన్‌వాడీలో ఒకటి నుంచి 19 ఏళ్ళ పిల్లలకు నులిపురుగుల బిళ్ళ ఉచితంగా వేస్తారు. దాన్ని మాన్పించవద్దు. చేతులు కడుక్కోవడం, చెప్పులు వేసుకోవడం నేర్పాలి.

మలేరియా మళ్ళీ మళ్ళీ వస్తే ప్లీహం పెరుగుతుంది. ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగులుతుంది. దీన్నే పెద్దవాళ్ళు "బల్ల" అంటారు. బల్లకు వాతలు పెట్టిస్తారు. వాతలతో బల్ల కరగదు. పసిబిడ్డ ఒళ్ళు కాలుతుంది, అంతే. రక్తపరీక్ష చేయించాలి.

ఎప్పుడు ఆగకూడదు?

ఈ గుర్తులు ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి:

- కడుపులో ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి, పొట్ట చెక్కలా గట్టిపడటం.
- పొట్ట ఉబ్బి, దొడ్డికి రాక, గాలి కూడా పోక, వాంతులు కావడం.
- రక్తం కక్కుకోవడం. మలం తారులా నల్లగా పోవడం.
- పొట్టలో నీరు ఉన్నవాళ్ళకు జ్వరం, మత్తు, ఆయాసం రావడం.
- గర్భిణికి కడుపునొప్పి, రక్తం పోవడం.

108కి ఫోన్ చేయండి. బండి ఉచితంగా వస్తుంది.

ఈ గుర్తులు ఉంటే ఆ వారంలోనే చూపించుకోవాలి:

- కళ్ళు పచ్చబడటం.
- తిండి తగ్గించకుండానే బరువు తగ్గడం.
- చేతికి గడ్డ తగలడం.
- మలంలో రక్తం పడటం.
- ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపించడం. ఒక్క చుక్క అయినా సరే.

కారణం తెలియకుండా పొట్ట రుద్దించవద్దు. వాతలు పెట్టించవద్దు. నొప్పి బిళ్ళలతో నెట్టుకు రావద్దు.

రాసుకుని వెళ్దాం

డాక్టరు దగ్గర మనకు దొరికేది అయిదు నిమిషాలు. అక్కడ సిగ్గుతో సగం మర్చిపోతాం. "కడుపులో బాగాలేదు" అని ఊరుకుంటాం. అందుకని ఇంట్లోనే రాసుకోవాలి. మనం నేర్చుకున్న అక్షరాలు ఇందుకు కాకపోతే ఇంకెందుకు?

ఒక కాగితం మీద ఇవి రాయండి:

1. పొట్ట ఎప్పటి నుంచి పెరుగుతోంది?
2. పొద్దునకు తగ్గుతోందా? తగ్గడం లేదా?
3. ఆఖరి ముట్టు ఏ తేదీన వచ్చింది? ముట్లు ఆగి ఎన్నేళ్ళయింది?
4. దొడ్డికి ఎన్ని రోజులకు ఒకసారి వెళ్తున్నారు?
5. ఆకలి ఎలా ఉంది? బరువు తగ్గిందా?
6. జ్వరం, కాళ్ళ వాపు, ఆయాసం ఉన్నాయా?
7. ఇప్పటిదాకా ఏయే మందులు వాడారు? నాటు మందులు కూడా రాయండి.

తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి. ఆశా కార్యకర్తను అడిగితే వస్తుంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. పేద కుటుంబాలకు పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేసే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలయింది. తర్వాత పేర్లు మారాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పథకం ఉంది. ఆసుపత్రిలో ఆ కౌంటరు ఎక్కడుందో అడగండి. బోర్డు మీద పేరు మీరే చదువుకోవచ్చు.

ఆ అక్క ఏమయింది?

ఆ రోజు అక్కా నేనూ కూర్చుని ఇలాగే కాగితం రాశాం. అక్క చెప్పింది. నేను కొంత రాశాను. కొంత అక్కే రాసింది. మర్నాడు ఆశా కార్యకర్తను తోడు తీసుకుని ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. డాక్టరమ్మ కాగితం చదివింది. పొట్ట చూసింది. స్కానింగ్‌కు రాసింది.

అండాశయంలో గడ్డ ఉంది. పెద్ద కొబ్బరిబోండమంత గడ్డ.

"ముందే వస్తే ఇంత పెరిగేది కాదు కదమ్మా. ఎందుకు ఆగావు?" అని డాక్టరమ్మ అడిగింది. అక్క నా వైపు చూసింది. ఆ జవాబు అక్క ఒక్కదానిది కాదు. మన ఊరందరిదీ.

పెద్దాసుపత్రికి పంపారు. పది రోజుల్లో ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్‌కు ముందు నర్సమ్మ ఒక కాగితం తెచ్చింది. వేలిముద్రకు సిరా డబ్బా కూడా తెచ్చింది. అక్క ఆ డబ్బాను పక్కకు జరిపింది. పెన్ను అడిగింది. చేయి వణుకుతూనే ఉంది. అయినా పేరు పూర్తిగా రాసింది. అంతకు ముందు ఆ కాగితంలో ఏముందో నర్సమ్మతో ఒక్కొక్క వరుసా చెప్పించుకుంది.

తీసిన గడ్డను పరీక్షకు పంపారు. మూడు వారాలు ఎదురుచూశాం. క్యాన్సర్ కాదని వచ్చింది. అందరికీ ఇలాగే మంచి కబురు వస్తుందని నేను చెప్పలేను. కానీ త్వరగా వెళ్తే, ఏ జబ్బు అయినా నయమయ్యే అవకాశం ఎక్కువ.

రెండు నెలల తర్వాత అక్క మళ్ళీ బడికి వచ్చింది. ఆ రోజు బోరింగు దగ్గర నవ్విన ఆమె కూడా బడిలో ఉంది. అక్క ఆమెను ఏమీ అనలేదు. పక్కనే కూర్చుంది.

ఆ రాత్రి ఆ నవ్విన ఆమె నా దగ్గరకు వచ్చి మెల్లిగా అడిగింది: "టీచరమ్మా, నాకూ ఆరు నెలల నుంచి ముట్టు ఆగకుండా పోతోంది. ఎవరికీ చెప్పలేదు. నాకూ ఒక కాగితం రాసి పెడతావా?"

"నేను రాయను. నువ్వే రాయి. నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పొట్ట పెరిగిన ఆడమనిషిని చూసి ఏమంటారు? ఆ మాట వల్ల ఎవరికి నష్టం?
2. బాలింతకు నీళ్ళు ఎందుకు ఇవ్వరు? అది సరైనదేనా?
3. వచ్చిపోయే పొట్టకూ, ఉండిపోయే పొట్టకూ తేడా ఏమిటి?
4. మీ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు మీకు తెలుసా? తెలుసుకుని నోటుబుక్కులో రాసుకోండి.
5. ఈ పాఠాన్ని చదవడం రాని ఒక్క అక్కకు చదివి వినిపించండి.